ఉబ్బసమునకు చెట్లు చూపిన త్రోవ

మా వీథిలో ఒక గృహస్థుని కుమార్తె కలదు. పదునాలుగేండ్ల పిల్ల, చదువులో చుఱుకైనది, మా తరగతిలోనే రెండేండ్లు చదువుకొన్నది. కార్తికమాసము వచ్చినదనగా ఆ బాలికకు ఉబ్బసము పుట్టును. రాత్రులందు పడుకొనలేక గోడకు చేరగిలబడి, తెల్లవాఱువఱకు ఎగశ్వాసతో వేగించును. వైద్యుడు చూచి, నోటితో పీల్చుకొనెడి మందును, ఇన్‌హేలరు అని యందఱు పిలుచుదానిని, వ్రాసి యిచ్చెను. తల్లి దానిని తెచ్చి బియ్యపు డబ్బాలో దాచివేసినది. ఆమెకు మూడు భయములు. అలవాటైనచో అది జీవితాంతము విడువదని మొదటిది. ఇంగ్లీషుమందు గనుక వేడిచేయునని రెండవది. ఆ గొట్టము పిల్ల చేతిలో నలుగురి కంటబడినచో రేపు పెండ్లిసంబంధములు తప్పిపోవునని మూడవది. ఇదియే అన్నిటికంటె పెద్దది. దానికి బదులుగా, ఊరూరు తిరుగు ఒక మందులవానివద్ద కొన్న చూర్ణమును తేనెతో నాకించుచు వచ్చినది. అది వట్టి వేళ్లపొడి యనియు, చెట్టుమందు గనుక చెఱుపు చేయదనియు ఆమె నమ్మకము.

చూర్ణము గుణమిచ్చినమాట నిజము. వారము దినములలోనే ఎగశ్వాస తగ్గినది. కాని ఆఱు నెలలు తిరుగునప్పటికి పిల్ల ముఖము గుండ్రమై ఉబ్బినది; ఒడలు పెరిగినది; ఎదుగుదల నిలిచినది. పెద్ద వైద్యశాలకు తీసికొనిపోగా, ఆ పొడిలో వేళ్లతోపాటు స్టిరాయిడు మాత్రలను నూఱి కలిపియుండిరని తేలినది. ఏ ఇంగ్లీషుమందునకు జడిసి తల్లి గొట్టమును దాచినదో, ఆ జాతి మందునే కొలత లేక ప్రతిదినమును తన చేతులతో పిల్లకు పెట్టినదన్నమాట. పోనీ మానివేయుదమన్నను ఒక్కసారిగా మానరాదట. కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించుటకు కొన్ని నెలలు పట్టినది.

ఆ తల్లిని మూఢురాలని త్రోసివేయుటకు మాకు నోరాడదు. ఆమె నమ్మకము మన యిండ్లలో పట్టభద్రులకును గలదు. చెట్టుమందు ఒక కులము, డాక్టరుమందు మఱియొక కులము; మొదటిది మనది, మృదువైనది; రెండవది పరాయిది, తీక్ష్ణమైనది అని మనము నడుమ ఒక గీటు గీచికొని కూర్చున్నాము. ఇట్టి గీటు చరిత్రలో ఎచ్చటను లేదని చూపుటయే మా యుద్దేశము. నేడు ఉబ్బసమునకు వాడుచున్న మందులలో పెక్కింటిని వెనుకకు వెదకికొనిపోయినచో, మొదట ఏదో యొక ఆకో, గింజయో, దుంపయో కనబడును. ఆకునకును మందునకును నడుమ నున్న భేదము జాతిభేదము కాదు. అది కొలతయు పరీక్షయు తెచ్చిన భేదము.

ఇది వాదముకొఱకు చెప్పు మాట కాదు. 2019వ సంవత్సరపు అంచనాలనుబట్టి, ప్రపంచమునందలి ఉబ్బసరోగులలో నూటికి 13 మంది మన దేశమువారు. ఉబ్బసముచే చనిపోవువారిలోనో, నూటికి 40 మందికి పైగా మనవారు. ఈ రెండంకెలకును నడుమ నున్న అంతరమును చదువరులు ఒక్కక్షణము తలపోయవలెను. మందు దొరకనివారు కొందఱు గలరు. చేతికందిన మందును నోటికి అందనీయక దాచుకొన్నవారును అందులో గలరు.

మొదట వ్యాధినిగూర్చి రెండు మాటలు. ఇది క్రొత్త వ్యాధి కాదు. చరకసంహితయందు చికిత్సాస్థానమున శ్వాసరోగములు ఐదు విధములుగా చెప్పబడినవి. వానిలో తమకశ్వాస మనబడునదాని వర్ణనము చదివినవారికి నేటి ఉబ్బసమే కన్నులకు కట్టును. దుమ్ము, పొగ, చలిగాలి దానికి హేతువులనియు, మబ్బుపట్టినప్పుడును, వానలోను, తూర్పుగాలి వీచినప్పుడును అది హెచ్చుననియు, రోగి పడుకొన్నచో బాధపడి కూర్చున్నచో కొంత సుఖించుననియు ఆ గ్రంథము చెప్పుచున్నది. రోగి మంచముప్రక్క రాత్రి యంతయు కూర్చుండి చూచినవాడు గాని ఇట్లు వ్రాయలేడు. అయితే దుమ్మును పదిమంది పీల్చగా ఒక్కనికి మాత్రమే ఊపిరి బిగియుట ఏల? ఈ ప్రశ్నకు సమాధానము లభించుటకు చాల కాలము పట్టినది.

1819లో జాన్ బాస్టాకు అను లండను వైద్యుడు, ప్రతి వేసవియందును తన కన్నులు మండి, ముక్కు కాఱి, ఎద బిగియుటను తానే రోగియై తానే వైద్యుడై వర్ణించెను. మాంచెస్టరు వైద్యుడగు చార్లెసు బ్లాక్లీకిని ఇదే వ్యాధి. గడ్డిపూల పుప్పొడియే దీనికి కారణమని ఆయన 1873లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. పుప్పొడిని తన ముక్కునను చర్మమునను రాచికొని చూచెను. గాలిలో ఎంత యెత్తున పుప్పొడి యుండునో తెలిసికొనుటకు జిగురు పూసిన అద్దపుపలకలను గాలిపటములకు కట్టి యెగురవేసెను. 1906లో వియన్నా నగరపు వైద్యుడు క్లెమెన్సు ఫాన్ పిర్కే ఈ విపరీతస్వభావమునకు 'అలెర్జీ' అను పేరు పెట్టెను.

దీని లోపలి పని ఇట్లుండును. మన శరీరమున శత్రువులను కనిపెట్టుటకు ప్రతిరక్షకములను పదార్థములు గలవు. అలెర్జీ గలవానియందు వీనిలో ఒక జాతి, హాని చేయని పుప్పొడినో ధూళినో శత్రువని పొరబడి, మాస్టుకణములను కణములపై కాచుకొని యుండును. ఈ కణములను 1878లోనే పాల్ ఎర్లిఖ్ గుర్తించి పేరుపెట్టెను గాని వాని పని అప్పుడు తెలియదు. వాని గర్భమున హిస్టమిను అను తీక్ష్ణపదార్థము మూటలు కట్టుకొని యున్నదని 1953లో తెలిసినది. ఆ ప్రతిరక్షకపు జాతిని ఇషిజాకా దంపతులు 1966లో అమెరికాలో కనుగొనిరి. దానికి ఐజీఈ అని పేరు. పుప్పొడి వచ్చి తాకగానే మాస్టుకణములు మూటలు విప్పివేయును. నాళములు వాచును, కండరములు బిగియును, చీము వంటి చిక్కని కఫము ఊరును. ఎఱుపు, వాపు, మంట కలిసిన యీ స్థితినే మన వైద్యులు శోథమనిరి. చుట్టమును దొంగయని భ్రమించి, వానిని తఱుముటకై ఇల్లు తగులబెట్టిన కావలివాని కథవంటిది ఈ వ్యాధి.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగును. ఈ కలహమును రేపిన పుప్పొడియు చెట్టుదే. మన పొలముగట్లపైనను, రైలుపట్టాల ప్రక్కలను తెల్లని చిన్న పూవులతో పెరుగు వయ్యారిభామను ఎఱుగనివారు లేరు. 1950ల నడుమ పూనా ప్రాంతమున కనబడిన యీ విదేశపు కలుపు దేశమంతటను వ్యాపించి, ఎందఱకో చర్మమున దద్దురులను, ముక్కున జలుబును, ఎదలో ఆయాసమును తెచ్చిపెట్టుచున్నది. అదియు ప్రకృతిసిద్ధమే. చెట్టునుండి వచ్చినదెల్ల చల్లనిదనువారికి వయ్యారిభామ ఒక్కటే చాలిన జవాబు.

ఇక మందుల చరిత్రకు వత్తము. వీనిలో మొదటి కథ మన దక్షిణదేశమునుండియే బయలుదేఱినది. ఉబ్బసమునకు పొగ పీల్చుట మన వైద్యమున ప్రాచీనమైన ఆచారము. పసుపు, ఆముదపువేరు మున్నగువానితో వత్తి చేసి పొగత్రాగుటను చరకసంహితయే చెప్పినది. పదునెనిమిదవ శతాబ్దము చివర మద్రాసున ప్రధానవైద్యాధికారిగా నుండిన జేమ్సు ఆండర్సను, ఇచ్చట వాడుకలో నున్న ఉమ్మెత్తవేరు పొగను ఉబ్బసరోగులకు చెప్పుచుండెను. జెనరల్ జెంటు అను సైనికాధికారి 1802లో ఈ మందును ఇంగ్లాండునకు తీసికొనిపోయెను. కొలదికాలములోనే ఉమ్మెత్త చుట్టలు ఐరోపాఖండమంతట అంగళ్లలో అమ్మబడెను. ఫ్రెంచి నవలాకారుడగు మార్సెలు ప్రూస్తు తన గది తలుపులు మూసికొని ఈ జాతి పొడుల పొగనే పీల్చుచుండెడివాడు.

ఉమ్మెత్త పొగవలన ఎద వదులగుట వాస్తవము. ఉమ్మెత్త తిన్నవానికి మతి చలించుటయు వాస్తవమే. అది మన పల్లెలలో పసిపిల్లవానికిని తెలిసిన సంగతి. ఈ రెండు పనులును చేయునది ఒక్కటే జాతి పదార్థమని తరువాత తెలిసినది. 1830ల ప్రాంతమున జర్మను రసాయనశాస్త్రజ్ఞులు బెల్లడోనా మొక్కనుండి అట్రోపినును శుద్ధముగా వేఱుచేసిరి. ఉమ్మెత్తలోనిదియు దాని బంధువర్గమే. నాళములను బిగియజేయు నరపు ఆజ్ఞను అట్రోపిను అడ్డగించును. కాని రక్తమున కలిసి మెదడునకెక్కినచో మతిని చెఱుచును. ఒక ఆకులో అది ఎంత యున్నదో, ప్రక్క ఆకులో ఎంత యున్నదో ఎవరు చెప్పగలరు? నేల మాఱినను, ఋతువు మాఱినను అది మాఱును. కావున శాస్త్రజ్ఞులు అట్రోపిను రూపమును కొంచెము మార్చి, ఊపిరితిత్తులలోనే పనిచేసి రక్తములోనికిని మెదడులోనికిని అంతగా పోజాలని పదార్థమును నిర్మించిరి. అదియే 1970ల నడుమ వాడుకలోనికి వచ్చిన ఇప్రాట్రోపియము. నేడు వైద్యశాలలో, ఊపిరాడని రోగి ముఖమునకు తొడిగి ఆవిరిగా పట్టు మందులలో ఇది యొకటి. అది మద్రాసు ఉమ్మెత్తవేరు పొగకు దూరపు మనుమరాలు. మతిని చెఱుచు గుణమును పుట్టింట విడిచి వచ్చినది.

రెండవ కథ మన వంటయింటిది. 1860లో ఉబ్బసముపై ప్రసిద్ధగ్రంథమును వ్రాసిన హైడు సాల్టరు తానును ఉబ్బసరోగియే. చిక్కని కాఫీ పరగడుపున త్రాగినచో ఆయాసము తగ్గునని ఆయన వ్రాసెను. 1888లో జర్మనీయందు ఆల్బ్రెక్టు కోసెలు తేయాకునుండి థియోఫిల్లిను అను పదార్థమును వేఱుచేసెను. ఇది కాఫీలోని కెఫీనునకు సోదరి. ఇరువదవ శతాబ్దమున ఇది ఉబ్బసమునకు ముఖ్యమైన మందులలో ఒకటి యయ్యెను. అయితే కొలతయొక్క విలువ ఏమో ఇది నేర్పినట్లు మఱియొకటి నేర్పలేదు. లీటరు రక్తరసమున 10 మొదలు 20 మిల్లీగ్రాములవఱకు ఇది మందు. 20 దాటినచో వాంతులు, గుండెదడ, మూర్ఛలు కలుగవచ్చును. మందునకును విషమునకును నడుమ ఇంతే వెడల్పు. అందుచేతనే దానికంటె నిరపాయమైన మందులు వచ్చినప్పటినుండి దీనిని వైద్యులు తఱచుగా వాడుటలేదు. తేయాకులో పుట్టినదని దానికి ఎవరును మినహాయింపు ఇయ్యలేదు.

మూడవది చీనాదేశపు మా-హువాంగు. ఎఫెడ్రా జాతికి చెందిన, ఆకులు లేనట్లు కనబడు ఈ పుల్లలమొక్కను ఆ దేశపు వైద్యులు ఎంతో పూర్వమునుండి దగ్గునకును ఆయాసమునకును వాడుచుండిరి. 1885లో నగై నగయోషి అను జపానుదేశపు శాస్త్రజ్ఞుడు దానినుండి ఎఫెడ్రినును తీసెను. అది దాదాపు నలువదేండ్లు మూలబడియుండెను. 1923, 1924 సంవత్సరములలో పెకింగు వైద్యకళాశాలలో చెన్, ష్మిట్ అను నిరువురు దానిని మరల పరీక్షించి లోకమునకు చాటిరి. ఉబ్బసమునకు అప్పటికి వాడుచున్న అడ్రినలినును సూదితోనే ఎక్కింపవలెను, ఎఫెడ్రినునో మ్రింగవచ్చును. ఈ వార్త వినగానే మన దేశమున కలకత్తాలోని ఉష్ణమండలవైద్య పాఠశాలయందు రామనాథ చోప్రాగారు హిమాలయప్రాంతపు ఎఫెడ్రా జాతులను పరీక్షింప పూనిరి. దేశీయమగు ప్రతి మూలికను ఇట్లు గుణదోషవిచారణకు తెచ్చుటయే వారి జీవితవ్రతమయ్యెను.

ఎఫెడ్రిను గుండెను దడదడలాడించును, రక్తపుపోటును పెంచును. దానివలన కలిగిన జ్ఞానముతోను, అడ్రినలినునుండి వచ్చిన జ్ఞానముతోను, ఊపిరినాళములనే ముఖ్యముగా వదులుచేసి గుండెజోలికి అంతగా పోని సాల్బ్యుటమాలు 1960ల చివర వచ్చినది. పిల్ల చేతిలో మనము చూచు నీలిరంగు గొట్టములో నుండునది తఱచుగా ఇదియే. మా-హువాంగు మాట ఏమైనది? బరువు తగ్గించు చెట్టుమందను పేర దానిని అమెరికాలో సీసాలకెత్తి అమ్మగా, గుండెపోట్లును మరణములును సంభవించి, 2004లో ఆ దేశపు ప్రభుత్వము అట్టి అమ్మకమును నిషేధించినది. అదే మొక్క, ఒక చోట కొలతతో ప్రాణము నిలిపినది, మఱియొక చోట కొలత లేక తీసినది.

నాలుగవ కథ మాకు మిక్కిలి ప్రియమైనది. ఇతర మందులు బిగిసిన నాళమును వదులుచేయును. ఇది శోథము పుట్టకుండ ముందుగానే శాంతింపజేయు మందును మనకు తెచ్చినది. ఈజిప్టుదేశమున ఖెల్లా అను మొక్క కలదు. మన వామునకు చుట్టము; గొడుగువంటి తెల్లని పూగుత్తులు దానివి. దాని గింజలను మూత్రపిండములలో రాళ్లు గలవారు కషాయము కాచుకొని త్రాగుట ఆ దేశపు వాడుక. 1940లలో కైరో నగరమున నుండిన ఆన్రెపు అను శాస్త్రజ్ఞుడు, ఈ గింజలలోని ఖెల్లిను అను పదార్థము బిగిసిన కండరములను సడలించునని చూపెను. ఉబ్బసరోగులకును ఇచ్చి చూచిరి. కొంత గుణము కనబడెను. వికారమును వాంతులును అంతకంటె ఎక్కువగా కనబడెను.

ఇంగ్లాండున ఒక మందుల కర్మాగారములో ఖెల్లినును పోలిన పదార్థములను నిర్మించుచుండిరి. అచ్చట పనిచేయుటకు వచ్చిన వైద్యుడు రోజర్ ఆల్టూన్యన్. సిరియాలోని అలెప్పో నగరమున 1922లో జన్మించిన ఆర్మేనియా సంతతివాడు. బాల్యమున ఇంగ్లీషు నవలాకారుడు ఆర్థర్ రాన్సము తన కథలో రోజరను బాలునికి ఇతని పేరు పెట్టెను. ఇతనికి ఉబ్బసము కలదు. గినీపందుల వెండ్రుకల సారము పీల్చినచో అతనికి ఎగశ్వాస వచ్చును. జంతువులపై పరీక్షలు మనుష్యుల ఉబ్బసమునకు సరిపోవని అతని నమ్మకము. కావున పరీక్షింపవలసిన పదార్థమును ముందు తాను పీల్చి, పిమ్మట ఆ సారమును పీల్చి, బుద్ధిపూర్వకముగా రోగమును తెచ్చుకొని, ఊపిరి ఎంత తగ్గినదో కొలిచికొనెడివాడు. ఇట్లు వారమున రెండు మూడు సారులు, సుమారు ఎనిమిదేండ్లు. పైవారికి ఈ పనియందు ఆశ సన్నగిల్లినప్పుడును తన సొంతకాలమున దానిని సాగించెను.

1965లో సోడియము క్రోమోగ్లైకేటు చేతికి వచ్చినది. దానికి నాళమును వదులుచేయు శక్తి లేదు. కాని ముందుగా పీల్చుకొన్నచో మాస్టుకణము తన మూటను విప్పదు. కావలివానిని కొట్టి పడగొట్టుట కాక, అతని చేతిలోని కాగడాను ముందే ఆర్పుట వంటిది ఈ పని. 1967లో దాని ఫలితములు లాన్సెట్టు పత్రికలో వెలువడెను. పొడిమందును ఊపిరితోపాటు లోపలికి పంపు చిన్నయంత్రమునుగూడ, యుద్ధకాలమున విమానము నడిపిన యనుభవముతో, తిరుగు రెక్క నమర్చి ఆల్టూన్యనే కల్పించెను. ఉబ్బసమున నేడు దానికంటె బలమైన మందులు వచ్చుటచే అది కొంత వెనుకబడినను, అలెర్జీచే ఎఱ్ఱబడిన కన్నులకు చుక్కలమందుగా ఇప్పటికిని వాడుకలో నున్నది. రాళ్లకు కాచిన గింజల కషాయమునుండి కంటిచుక్కలవఱకు వచ్చిన యీ త్రోవలో ఒక మనుష్యుడు తన ఊపిరినే త్రాసుగా నిలిపెను.

ఐదవది దుంపకథ, మా వీథి పిల్ల కథకు ఇదియే దగ్గఱ. శోథమును అణచుటలో స్టిరాయిడులను మించినవి నేటికిని లేవు. వానిలో మొదటిదగు కార్టిజోను 1948లో రోగులకు ఇయ్యబడినప్పుడు అది బంగారముకంటె అరుదు. ఎద్దుల పిత్తరసమునుండి ఎన్నో మెట్లు గడచి దానిని చేయవలసియుండెను. అంతకు ముందే రస్సెలు మార్కరు అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు మెక్సికో అడవులలో తిరిగి, మన పెండలము జాతికి చెందిన అడవిదుంపలలో డయాస్జెనిను అను పదార్థము సమృద్ధిగా నున్నదనియు, దానినుండి హార్మోనులను తయారుచేయవచ్చుననియు 1940లలో చూపెను. 1952లో మఱిరువురు అమెరికా శాస్త్రజ్ఞులు, ఆ దుంపనుండి వచ్చిన పదార్థమును బూజునకు ఆహారముగా వేసినచో, కార్టిజోనునకు త్రోవలో కఠినమైన మెట్టును బూజే ఎక్కించునని కనుగొనిరి. మందు చవుకయ్యెను. తరువాత డయాస్జెనినుతోపాటు సోయాచిక్కుడువంటి మొక్కలును స్టిరాయిడులకు ముడిపదార్థములయ్యెను.

నోటితో మ్రింగిన స్టిరాయిడు ఒడలంతయు తిరిగి, చిరకాలము వాడినచో ముఖము ఉబ్బించును, ఎముకను గుల్లచేయును, పిల్లలను ఎదుగనీయదు. కావున దానిని అవసరమైనచోటికే పంపు ఉపాయమును వెదకి, 1972లో బెక్లోమెథసోనును పీల్చుమందుగా తెచ్చిరి. దాని కొలత చూడుడు. ఒక్కొక్క పీల్పునకు 50 లేక 100 మైక్రోగ్రాములు. స్టిరాయిడు మాత్ర సామాన్యముగా 5 మిల్లీగ్రాములు, అనగా 5000 మైక్రోగ్రాములు. బరువునుబట్టి చూచినచో ఒక్క మాత్రలో ఏబది పీల్పులు ఇమిడియున్నవి. బియ్యపు డబ్బాలో దాచబడినది ఆ ఏబదియవ వంతు. తేనెతో నాకింపబడినది ఎన్ని మాత్రలో ఎవరికిని తెలియదు.

మన దొడ్లలోని మూలికలమాట ఏమని చదువరులు అడుగుదురు. అడుగవలసినదే. అడ్డసరమును మన తాతలు దగ్గునకు వాడిరి; వాసకమనియు ఆటరూషకమనియు సంస్కృతమున దానికి పేళ్లు. 1888లో, మద్రాసు ప్రభుత్వమువారి క్వినైను శాస్త్రజ్ఞుడుగా నీలగిరులలో నుండిన డేవిడ్ హూపరు దాని ఆకులనుండి వాసిసిను అను పదార్థమును తీసెను. దాని రూపమును అనుసరించి 1960లలో జర్మనీలో తయారైన బ్రోంహెక్సిను, చిక్కని కఫమును పలుచన చేయు మందుగా నేడు దగ్గుసీసాలలో నున్నది. తాతల అనుభవము వట్టిది కాదని తేలినది. వాసిసిను గర్భాశయమును సంకోచింపజేయునని కూడ తేలినది. కావున గర్భిణులు అడ్డసరమునకు దూరముగా నుండవలెను.

వెఱ్ఱిపాల కథ వేఱు. ఆ తీగ ఆకును దినమున కొకటి చొప్పున కొన్ని దినములు నమలినచో ఉబ్బసము తగ్గునని 1960ల చివర ఢిల్లీలో శివపురిగారును వారి సహచరులును చేసిన పరీక్షలలో కనబడెను. ఎవరికి మందు, ఎవరికి ఉత్తది ఇచ్చినదియు వైద్యునికిని రోగికిని తెలియనీయక చేసిన పరీక్ష అది. దేశమంతట ఆశ కలిగెను. 1979లో మన దేశముననే మఱికొందఱు అదే విధమున పరీక్షింపగా మందునకును ఉత్తదానికిని భేదము కనబడలేదు. మొదటివారిని నిందింపనక్కఱలేదు. ఒకరు చూచినదానిని మఱియొకరు మరల చూచుటకే పరీక్ష అని పేరు.

ఇప్పుడు పత్రికలలోను, సీసాలమీదను ఎక్కువగా వినబడు పేళ్లు క్వెర్సెటిను, కుర్కుమిను. మొదటిది ఉల్లిగడ్డలో, రెండవది పసుపులో కలదు. గాజుపాత్రలో పెట్టిన మాస్టుకణమునకు క్వెర్సెటిను తగిలింపగా అది హిస్టమినును విడుచుట తగ్గునని 1970లలోనే చూచిరి. ఇందు ఆశ్చర్యము లేదు; దీని నిర్మాణమున ఖెల్లినునకు పోలిక కలదు. కాని గాజుపాత్ర వేఱు, కడుపు వేఱు. తిన్న ఉల్లిలోను పసుపులోను ఈ పదార్థములు స్వల్పముగానే రక్తమునకు చేరును. మనుష్యులపై జరిగిన పరీక్షలు కొద్ది. అవి ఉబ్బసపుమందును మానుమనునంత బలమైనవి కావు. ఆశ పెట్టుకొనవచ్చును, మందు మానరాదు.

పరీక్షలో నెగ్గినదానికిని వేఱొక పరీక్ష తప్పదు. బటర్బరు అను ఐరోపా మొక్కయొక్క సారమును 2002లో పుప్పొడి జలుబు గల 125 మందికి పంచి, సెటిరిజిను మాత్రతో పోల్చి చూచిరి. రెండు వారములలో రెండును సమానమైన గుణమునే చూపెను. చెట్టుమందునకు ఇంతకంటె గౌరవమేమి కావలెను? కాని ఆ మొక్కయందు కాలేయమును చెఱుచు ఆల్కలాయిడులు గలవు. వానిని తొలగింపనిచో ప్రమాదము. గుణము నిలిచినది, అనుమానము మిగిలినది.

ఈ చరిత్రయందు పాల్గొన్నవారి పేళ్లను మరల ఒకసారి తలచుకొనుడు. జపానువాడు నగై, చీనావాడు చెన్, పంజాబువాడు చోప్రా, అలెప్పోలో పుట్టిన ఆర్మేనియుడు ఆల్టూన్యన్, మెక్సికో అడవులలో తిరిగిన మార్కరు. ఉమ్మెత్త మద్రాసుది, ఖెల్లా ఈజిప్టుది, తేయాకు చీనాది. దీనిని ఇంగ్లీషువైద్యమని పిలుచుట మనకు నోటి అలవాటేగాని సత్యము కాదు. మన పూర్వులు కన్నులతో చూచి వ్రాసిరి. తరువాతివారు తూచి వ్రాసిరి. తూచినవాడు చూచినవానికి శత్రువు కాడు; ఋణగ్రస్తుడు.

కావున గృహస్థులకును గృహిణులకును మా విన్నపము నాలుగు మాటలలో నున్నది. పేరును కొలతయు వ్రాయని పొడిని, ఎంత గుణమిచ్చినను, పిల్లల నోట వేయకుడు. ఉబ్బసమునకు వారములో అద్భుతముగా పనిచేసిన పొడియే ఎక్కువ అనుమానింపదగినది. వైద్యుడు నిత్యము పీల్చుమన్న మందును ఆయాసము లేని దినముననుగూడ మానకుడు. అది అలవాటు కాదు, అణచిపెట్టుట. ఇంట కషాయము కాచుకొన్నచో ఆ సంగతి వైద్యునికి చెప్పుడు, దాచకుడు. నాలుగవది అన్నిటికంటె కష్టమైనది: కన్నులద్దములు పెట్టుకొన్న పిల్లను పెండ్లిచూపులలో తిరస్కరించిన కాలము గతించినట్లే, గొట్టము పట్టుకొన్న పిల్లను చూచి ముఖము త్రిప్పుకొను కాలమును మనమే గతింపజేయవలెను. ఆ తల్లి భయము ఆమె ఒక్కతె తెచ్చుకొన్నది కాదు. పిల్లనిచ్చునప్పుడును తెచ్చుకొనునప్పుడును మనమందఱము కలిసి ఆమెకు పెట్టిన భయమది.

మొన్న ఆమె మాతో మాటలాడుచు, "మాస్టారూ, దొడ్లో అడ్డసరం చెట్టుంది. అదీ కొట్టించెయ్యమంటారా?" అని అడిగినది. "ఎందుకమ్మా, అదేం పాపం చేసింది? ఉండనీయండి. దాని కథ అమ్మాయికి మేము చెప్తాము" అంటిమి. బియ్యపు డబ్బాలోని గొట్టము ఇప్పుడు దేవునిగూటి ప్రక్కను పిల్లకందునట్లు ఉన్నది. ఈ కార్తికమున ఆ బాలిక రాత్రులందు పడుకొని నిద్రించినది. చుట్టములు వచ్చినప్పుడు మాత్రము తల్లి దానిపై ఒక చేతిగుడ్డ కప్పుచున్నది. ఆ గుడ్డను తీయవలసినవారము మనము.